నిన్నటి ఉప్పు

తవిటినాయుడి నక్షత్రాల్లో ఉప్పు ఎక్కువైంది.

వంటింటి ఉప్పు కాదు, ఆ ఉప్పులో ఉండే సోడియం. మూడు వేసవులు కొండమీది అబ్జర్వేటరీలో మేలుకుని, వృశ్చిక రాశిలో జ్యేష్ఠ పక్కన కనిపించే ఒక నక్షత్ర గుచ్ఛాన్ని అతను పట్టుకు కూచున్నాడు. గుచ్ఛమంటే లక్ష నక్షత్రాలు తేనెపట్టు మీద ఈగల్లా ఒక్కచోట ముసురుకున్న ముద్ద. అందులో అతని దూరదర్శినికి చిక్కినవి ముప్పయ్యెనిమిది. ఒక్కొక్కదాని వెలుగునీ రంగులుగా విడగొట్టి, అందులో ఏ మూలకం ఎంతుందో కొలిచాడు. ఇరవై ఒకటి బుద్ధిగా ఉన్నాయి. తక్కిన పదిహేడింటిలో సోడియం రెండింతలు, మూడింతలు ఉంది.

అలా ఉండకూడదు. ఇలాంటి గుచ్ఛంలో నక్షత్రాలన్నీ ఒకే మబ్బులోంచి, ఒకే కాన్పులో పుట్టాయని అతను చదివిన పుస్తకాలన్నీ చెబుతున్నాయి. ఒకే మబ్బు బిడ్డలైతే ఒంట్లో సరుకు ఒకలాగే ఉండాలి. కొందరికి చప్పగా, కొందరికి ఉప్పగా ఉంటే కుదరదు.

తవిటినాయుడు పుస్తకాల్ని నమ్మాడు. తనని నమ్మలేదు.

తనని నమ్మకపోవడం అతనికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. అతనికి ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. మూడోవాడైనా దక్కాలని తల్లి అతన్ని పురిట్లోనే పొరుగావిడ చేతిలో పెట్టేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. పేరు అలా వచ్చింది. "చేటెడు తవుడండీ నా ఖరీదు. అప్పటికీ మా అమ్మ బేరమాడిందట" అని తనే చెప్పి, ఎదుటివాళ్ళు నవ్వేలోపు తనే నవ్వేసేవాడు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి, డోము తిప్పే మోటారూ, జనరేటరూ చూసుకోవడానికి పద్నాలుగేళ్ళ కిందట కొండెక్కాడు. మోటారు ఆగినప్పుడల్లా డోములోకి వెళ్ళేవాడు. బాగుచేశాక మాత్రం వెంటనే కిందికి దిగేవాడు కాదు. అలా అంటుకుంది అతనికి నక్షత్రాల జబ్బు. లైబ్రరీలో ఎవరూ ముట్టని పుస్తకాలు తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాడు. నేర్పేవాళ్ళు లేని చదువు కాబట్టి అందులో గోతులు ఎక్కువ. కాంతి సంవత్సరమంటే ప్రభవ, విభవల్లాగా ఏదో సంవత్సరం పేరనుకుని, అది మళ్ళీ ఎప్పుడొస్తుందోనని ఏడాదిపాటు పంచాంగాలు వెతికాడు. ఈ సంగతి కూడా అతను చెప్పుకున్నదే.

ఆ గోతుల్లోంచి అతన్ని పైకి లాగింది సుభద్రమ్మగారు.

ఆవిడ ఒకప్పుడు ఆ అబ్జర్వేటరీకి డైరెక్టరు. రిటైరై పదేళ్ళు దాటినా, డోము వెనకాల చిన్న పెంకుటింట్లోనే ఉంటున్నారు. ఖాళీ చెయ్యమని చెప్పగల ధైర్యం ఉన్నవాళ్ళంతా ఆవిడకంటే ముందే రిటైరైపోయారు. నలభై ఏళ్ళలో ఆవిడ కొలిచిన ఏ అంకెనీ ఎవరూ తప్పని నిరూపించలేదు. ఆ మాట కొండమీద అందరూ చెప్పుకునేవారు. ఆవిడ మాత్రం చెప్పేవారు కాదు.

ఆవిడ పాఠం చెప్పే పద్ధతి వేరు. నక్షత్రం ఎంత దూరంలో ఉందో ఎలా తెలుస్తుందని తవిటినాయుడు మొదట్లో ఒకసారి అడిగాడు. బొటనవేలు ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూడు, తర్వాత రెండో కన్ను మూసి చూడు అని చెప్పి, ఆవిడ కునుకు తీశారు. మూడు రోజులు అతను ఆ వేలు పట్టుకుని కన్ను మార్చి కన్ను కొడుతూ తిరిగాడు. కొండ దిగి డాక్టరుకి చూపించుకోమని తోటివాళ్ళు జాలిపడ్డారు. నాలుగోరోజు పొద్దున్న, వేలు కదలకుండానే వేలు వెనక కొండ జరగడం ఎందుకో తట్టింది. పరిగెత్తుకొచ్చి చెబితే ఆవిడ "మోటారుకి నూనె వేశావా?" అన్నారు.

గుచ్ఛాన్ని కొలిచే పని అతనికి అప్పజెప్పింది కూడా ఆవిడే.

రెండో వేసవి చివర్లో నగరం నుంచి ఒక పెద్ద ప్రొఫెసరుగారు వచ్చారు. పదిహేడు నక్షత్రాల గ్రాఫు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, వీధిదీపాలన్నారు. కొండ కింద జంక్షనులో పసుపుపచ్చగా వెలిగేవి సోడియం దీపాలే. ఆ వెలుగు దూరదర్శినిలోకి దూరి ఉంటుంది, దాన్ని లెక్కలోంచి తీసెయ్యడంలో ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందన్నారు. తర్వాత సుభద్రమ్మగారి వైపు తిరిగి ఇంగ్లీషులో, కొలిచినతను ఎలక్ట్రీషియన్ అట కదా, దీపాల సంగతి ఇతనికే బాగా తెలియాలే అన్నారు. ఆ మాత్రం ఇంగ్లీషు తవిటినాయుడికి అప్పటికి వచ్చేసింది. అప్పుడే ఎందుకొచ్చిందా అనుకున్నాడు.

మూడో వేసవి రాగానే అతను కొండ దిగి సర్పంచి అప్పలసూరి దగ్గరికి వెళ్ళాడు. జంక్షను దీపాలు అయిదు రాత్రులు ఆర్పించమని అడిగాడు. "మా లైట్లు మీ సుక్కల్ని ఏటి సేసినాయి బాబూ?" అన్నాడు సర్పంచి. తవిటినాయుడు గంటసేపు చెప్పాడు. సర్పంచికి అర్థం కాలేదు గాని, ఇంత చదువు ఇంత వినయంగా వచ్చి అడగడం అతను ఎప్పుడూ చూడలేదు. సరేనన్నాడు.

మూడో రాత్రి సర్పంచి బావమరిది స్కూటరు చీకట్లో గేదెని గుద్దింది. గేదె లేచి వెళ్ళిపోయింది. స్కూటరు లేవలేదు. అయినా సర్పంచి మాటకి కట్టుబడి అయిదు రాత్రులూ దీపాలు ఆర్పించి, ఆరో రోజు కబురు పెట్టి, ఉప్పు తగ్గిందా అని అడిగాడు. తగ్గలేదు. సర్పంచి కాసేపు గడ్డం గోక్కుని, "లైటన్నది అందరి మీదా ఒకేలాగ పడతాది గదా. సగం సుక్కల మీదే ఎలా పడతాది బాబూ?" అన్నాడు.

ఆ ముక్క ప్రొఫెసరుగారికి తట్టలేదు, తవిటినాయుడికీ తట్టలేదు. తట్టాక కూడా అతను తేల్చుకున్నది ఒక్కటే. దీపాల తప్పు లేదు. కాబట్టి తప్పు తనదే.

ఇక తన తప్పు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాడు. సోడియం అంటే ఉప్పు, ఉప్పంటే ఆవకాయ. రాత్రి పని మధ్యలో డబ్బా విప్పి పెరుగన్నం, ఆవకాయ తినే అలవాటు అతనికుంది. ఆ వేళ్ళతోనే పరికరాన్ని ముట్టుకుంటున్నాడు. అంతే, ఆ వేసవంతా ఊరగాయ మానేశాడు. ఆవకాయ మానేసిన మగాడు ఇంకా ఏమేం మానేస్తాడోనని భార్య పైడితల్లి బెంగపెట్టుకుని, పుట్టింటివాళ్ళకి ఉత్తరం రాసింది. అతను చేతులు ఏడుసార్లు కడుక్కున్నాడు. చెమట పడుతుందేమోనని తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. పరికరాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. చేసి ఉండగల తప్పులన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని, ఒక్కొక్కటే సరిచూసి కొట్టేస్తూ వచ్చాడు. మొత్తం నలభై ఒకటి. నలభై కొట్టేశాడు. మిగిలిన ఆ ఒక్క చోటా తన పేరు రాసి ఉంది.

ఉప్పు తగ్గలేదని చూసి సుభద్రమ్మగారు జూన్‌లో పేపరు పంపేశారు. అంకెలు మాత్రమే ఉన్న నాలుగు పేజీల పేపరు. పైన మొదటి పేరు తవిటినాయుడిది, రెండోది ఆవిడది. ఉప్పు తగ్గలేదని చూసి తవిటినాయుడికి తిండి సహించడం మానేసింది. తన పేరు పోతే పోయేది చేటెడు తవుడు. రెండో పేరు సంగతి అలా కాదు. నలభై ఏళ్ళలో ఒక్క మచ్చ లేని ఆ పేరు, ఒక ఎలక్ట్రీషియన్ని నమ్మినందుకు నెలాఖరుకి అచ్చులో నవ్వులపాలవబోతోంది.

జూలైలో ఒక రోజు, పేపరు వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం టైపు చేయించుకుని కొండెక్కాడు. దానికి ఇద్దరి సంతకాలూ కావాలి. ఉత్తరాల సంచి తీసుకుని జీపు రెండు గంటలకి దిగుతుంది. ఆ రోజు తప్పితే పేపరు అచ్చుకి వెళ్ళిపోతుంది.

నాలుగు రోజులుగా ముసురు వదల్లేదు. డోము మూసి ఉంది. పెంకుటింటి చూరు కారుతోంది. సుభద్రమ్మగారు వంటింట్లో ముక్కాలిపీట మీద కూచుని ఉల్లిపాయలు తరుగుతున్నారు.

ఆవిడ ఉత్తరాన్ని రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, దూరంగా పెట్టి చదివారు. కొలతల్లో లోపమున్నందువల్ల అని ఉందందులో. ఆ లోపం పూర్తిగా మొదటి రచయితదేనని ఒక వాక్యమంతా ఉంది.

"చేతులు తడిగా ఉన్నాయి," అన్నారావిడ. "ముందు అన్నం వండు."

అప్పటికి పదకొండు. తవిటినాయుడు గడియారం వైపు చూశాడు. ఆవిడ బియ్యం డబ్బా వైపు చూశారు. అతను బియ్యం కడిగాడు.

అన్నం ఉడుకుతుండగా ఆవిడ ఒక్కటే అడిగారు, ఉత్తరంలో రాయనిది ఇంకేమైనా ఉందా అని. తవిటినాయుడు కాలి బొటనవేలితో నేల గీశాడు. ఉంది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. ఈ వేసవిలో ఆక్సిజన్ కూడా కొలిచాడు. అదీ తప్పుగానే వచ్చింది. సోడియం ఎక్కువున్న నక్షత్రాల్లో ఆక్సిజన్ తక్కువొచ్చింది.

"ఎన్నింటిలో?"

"పదిహేడింటిలోనూ అండి."

"మిగతా ఇరవై ఒకటి?"

"వాటిలో సరిగ్గానే ఉందండి."

ఆవిడ ఉల్లిపాయ తరగడం ఆపి అతన్ని తేరిపార చూశారు. "తప్పులు చెయ్యడంలో ఇంత పద్ధతి నీకెక్కడ అబ్బిందయ్యా?" అన్నారు.

తిట్టారో మెచ్చుకున్నారో అతనికి తెలియలేదు. అలవాటు ప్రకారం తిట్టారనే తీసుకున్నాడు.

అన్నం ఉడికిందో లేదోనని ఒక మెతుకు నోట్లో వేసుకుని చూశాడు. ఉడికింది, చప్పగా ఉంది. గంజి వార్చి, ఆవిడ చెప్పినట్టే అన్నం పళ్ళెంలో పరిచి ఆరబెట్టాడు. ఆరాక ఆవిడ గరిటెతో మధ్యలో గీత గీసి, ఒక సగం పళ్ళెంలోనే ఉంచారు. రెండో సగం తీసుకుని వసారాలోకి వెళ్ళారు.

వసారాలో ఒక మూల, చుట్టకుదురు మీద, కుండ ఉంది.

ఆ కుండ తవిటినాయుడికి తెలుసు. తెలుసంటే దూరం నుంచి తెలుసు. అది తరవాణి కుండ. అన్నం వార్చిన గంజి అందులో పోసి పులియబెడతారు. ఆ పుల్లటి నీళ్ళలో అన్నం వేసి నానబెట్టుకు తింటారు. అబ్జర్వేటరీ కట్టిన ఏడాది మొదలుపెట్టారు దాన్ని. మట్టికుండ పగిలి నాలుగైదుసార్లు మారింది గాని, లోపలి నీళ్ళు ఎప్పుడూ పూర్తిగా ఖాళీ అవలేదు. పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి వంపుకుంటూ వచ్చారు. రాత్రంతా ఆకాశం చూసినవాళ్ళు తెల్లారి డోము దిగి, ఆ కుండలో అన్నం తిని పడుకుంటారు. మబ్బు పట్టిన రాత్రుళ్ళు ఆకాశం ఎప్పుడు విడుస్తుందా అని కాసుకు కూచున్నవాళ్ళకీ అదే.

అది పరిశీలకుల కుండ అని తవిటినాయుడు తనకు తనే ఒక రూలు పెట్టుకున్నాడు. అతన్ని వద్దన్నవాళ్ళు లేరు. రమ్మనలేదు కూడా, ఎందుకంటే రమ్మనాలని ఎవరికీ తోచలేదు. మోటారు చూసినన్నాళ్ళూ, ఆ తర్వాత నక్షత్రాలు చూసిన మూడేళ్ళూ కూడా, అతను తన డబ్బా తీసుకుని జనరేటరు రూముకి పోయి గోడవైపు తిరిగి తినేవాడు. పద్నాలుగేళ్ళలో ఆ కుండ మూత తియ్యలేదు.

ఆవిడ కుండలో అన్నం వేసి గరిటెతో కలిపారు. మూకుడు నిన్ననే పగిలిందట. అటూ ఇటూ చూసి, మడిచి బొడ్డులో దోపుకున్న ఉత్తరం తీసి, విప్పి, కుండ మీద కప్పి, పైన గరిటె పెట్టారు.

"ఈగలు," అన్నారు.

తవిటినాయుడు టైపు చేసే అతన్ని బతిమాలి, రెండు చోట్ల తప్పులు దిద్దించి, మూడోసారికి శుభ్రంగా తెచ్చుకున్న ఉత్తరమది. కుండలోని తేమకి దాని నడుం అప్పుడే మెత్తబడుతోంది.

గంట ఆగాక ఆవిడ రెండు పీటలు వేశారు. అతని కంచంలో ఒక పక్క పళ్ళెంలోని అన్నం, ఇంకో పక్క కుండలోని అన్నం వడ్డించారు. మధ్యలో ఉల్లిపాయ ముక్కలు, ఒక పచ్చిమిరపకాయ. తనకీ వడ్డించుకున్నారు.

తవిటినాయుడు చెయ్యి కంచం దాకా వచ్చి ఆగింది. "అది పరిశీలకుల కుండ కదండీ," అన్నాడు.

"మూడేళ్ళు రాత్రుళ్ళు డోములో నువ్వేం చేశావు?"

ఏం చేశాడో నోటుబుక్కులో నలభై ఒక్క రకాలుగా రాసుకున్నాడు గాని, ఈ ఒక్క మాట అందులో రాయలేదు.

పళ్ళెంలోని అన్నం ఒక ముద్ద తిన్నాడు. చప్పగా ఉంది. కుండలోని అన్నం ఒక ముద్ద తిన్నాడు. పుల్లగా, చల్లగా, గొంతులోంచి దిగుతుంటే ప్రాణం లేచొచ్చేట్టు ఉంది. ఉప్పగా కూడా ఉంది. ఉండాల్సినదానికంటే ఒక రవ్వ ఎక్కువే.

వెంటనే అతని తల వంగిపోయింది. "క్షమించండి అమ్మగారూ. ఉప్పు ఎక్కువ వేసినట్టున్నాను."

"నువ్వు ఉప్పు డబ్బా ముట్టుకున్నావా?"

అతను ఆలోచించాడు. ముట్టుకోలేదు.

"వంటింట్లో కూడా తప్పులన్నీ నీవేనా? ఇంకెవరికీ ఒక్కటైనా మిగల్చవా?"

"మరి మీరు వేశారేమో..."

"నేనూ వెయ్యలేదు." ఆవిడ మిరపకాయ కొరికారు. "నిన్న తిన్నవాళ్ళు వేశారు. తిన్నవాడు లేచేముందు, తర్వాత తినేవాడికని చిటికెడు ఉప్పు కుండలో వేసి లేస్తాడు. ఈ కొండమీద పద్ధతి అది. నిన్న పొద్దున్న ఇద్దరు తిన్నారు. ఇద్దరిలో ఎవడో ధారాళంగా వేశాడు."

తవిటినాయుడు ఇంకో ముద్ద ఎత్తాడు. అది నోటి దగ్గర ఆగిపోయింది.

కంచంలోకి చూశాడు. ఒకే బస్తా బియ్యం, ఒకే గిన్నెలో ఉడికిన అన్నం. ఇటు చప్పన, అటు ఉప్పన. ఇవాళ ఎవరూ ఉప్పు డబ్బా ముట్టుకోలేదు.

ఎత్తిన ముద్ద మళ్ళీ కంచంలో దించాడు.

"అమ్మగారూ, నా నక్షత్రాలు చిన్నవండి," అన్నాడు మెల్లగా. "సోడియం వండుకునేంత వేడి వాటి పొట్టలో లేదు."

"ఊఁ."

"అలా వండాలంటే పెద్ద నక్షత్రం కావాలి. ఆ వేడికి సోడియం పెరుగుతుంది. ఆ వేడికే ఆక్సిజన్ తరిగిపోతుంది."

"ఊఁ."

"పదిహేడింటిలోనూ రెండూ అలాగే ఉన్నాయండి."

ఆవిడ ఉల్లిపాయ ముక్క అతని కంచంలో వేశారు.

అతని కళ్ళముందు లక్ష నక్షత్రాల ముద్ద కదిలింది. అందులో ముందొక కాన్పు. ఆ పిల్లల్లో పెద్దవాళ్ళు తొందరగా మండి, పొట్టలో వండుకున్నదంతా బయటికి ఊదేసి పోయారు. ఊదింది ఎక్కడికీ పోలేదు, ఆ ఇంట్లోనే మిగిలిన మబ్బులో కలిసింది. ఆ మబ్బులోంచి మరో కాన్పు. చప్పటి ఇరవై ఒకటీ ముందటివాళ్ళ తోబుట్టువులు. ఉప్పటి పదిహేడూ తర్వాత వచ్చినవాళ్ళు.

"అందరూ ఒకేసారి పుట్టలేదండి," అన్నాడు.

సుభద్రమ్మగారు ఇంకాస్త అన్నం కావాలా అని అడిగారు.

కావాలన్నాడు. నెల్లాళ్ళ తర్వాత అతను మారు వడ్డించుకోవడం అదే మొదలు. మూడేళ్ళుగా భుజాల మీద ఎక్కి కూచున్నదేదో దిగి, పక్కన పీట వేసుకుని తనూ తింటున్నట్టుంది. నవ్వొచ్చింది. ఆవకాయ గుర్తొచ్చింది. ఒక వేసవికాలం ఆవకాయ అన్యాయంగా పోయింది. సర్పంచి బావమరిది స్కూటరు సంగతి కూడా గుర్తొచ్చి, నవ్వు సగంలో ఆపుకున్నాడు.

మూడో వడ్డన దగ్గర ఒక అనుమానం వచ్చింది.

"ఏ నక్షత్రాలు వేశాయో మాత్రం నాకు తెలీదండి. ఎలా వేశాయో కూడా తెలీదు."

"నాకూ తెలీదు."

"ప్రొఫెసరుగారికి?"

"ఆయనకి తెలుసు. వీధిదీపాలని."

కింద షెడ్డులో డ్రైవరు జీపు ఇంజను వేడెక్కిస్తున్న చప్పుడు వినిపించింది. తవిటినాయుడు ఎంగిలిచేత్తోనే లేచాడు. చెయ్యి కడుక్కుని, ఆవిడ బల్ల మీది తెల్లకాగితం తీసుకుని, తనకొచ్చిన ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టాడు. ముందు ఆక్సిజన్ అంకెలు పదిహేడూ, ఇరవై ఒకటీ వరసగా రాశాడు. అవి నోటికి వచ్చు. కింద నాలుగు ముక్కలు రాశాడు: ఈ గుచ్ఛంలోని నక్షత్రాలన్నీ ఒకే కాన్పులో పుట్టి ఉండకపోవచ్చు. ముందు పుట్టినవాళ్ళు వేసిన ఉప్పు తర్వాత పుట్టినవాళ్ళలో కనిపిస్తోంది. వేసింది ఎవరో మాకు తెలియదు. ఈ కాగితాన్ని మా పేపరు చివర చేర్చగలరు.

సుభద్రమ్మగారు చదివారు. పెన్ను తీసుకుని, ఉప్పు అన్నచోట కొట్టేసి సోడియం అని రాశారు. తెలియదన్న మాట కింద గీత గీశారు. సంతకం చేశారు. చేతులు అప్పటికీ తడిగానే ఉన్నాయి. ఆవిడ పేరు మీద ఒక నీటిచుక్క పడి సిరా కాస్త పాకింది.

"నా పేరు దగ్గర ఎప్పుడూ మచ్చ పడలేదని అంటారు కదా," అన్నారు. "ఇదిగో."

అతను ఆ కాగితం చొక్కాలో పెట్టుకుని వానలో పరిగెత్తాడు. జీపు గేటు దాటబోతుంటే అడ్డం నిలబడి ఆపాడు. డ్రైవరు విసుక్కుంటూ ఉత్తరాల సంచి విప్పి కవరు అడిగాడు. కవరు లేదు. తవిటినాయుడు డ్రైవరు దగ్గరున్న పాత కవరు తీసుకుని, తిరగేసి, అంటించి, మోకాలి మీద పెట్టి చిరునామా రాసి ఇచ్చాడు. వెళ్ళిపోతున్న జీపుకి దణ్ణం పెట్టబోయి, ఎవరైనా చూస్తారేమోనని, తల తుడుచుకుంటున్నట్టు చేతులు పైకి లేపాడు.

తిరిగొచ్చేసరికి ఆవిడ కంచాలు కడిగి బోర్లించారు. అతను తడిబట్టలతోనే వసారాలో కుండ దగ్గర ఆగాడు. కుండమీద ఉత్తరం తేమకి నానిపోయి, మధ్యలోకి కుంగింది. మొదటి రచయితదేనన్న వాక్యం అలుక్కుపోయింది. రెండు సంతకాల కోసం వదిలిన ఖాళీ మాత్రం ఖాళీగానే ఉంది.

గరిటె పక్కన పెట్టి, ఉత్తరం ఎత్తాడు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి లోపలికి తొంగి చూశాడు. తెల్లటి నీళ్ళు, అడుగున కొన్ని మెతుకులు, పైన తేలుతున్న ఒక నిమ్మాకు. చూడ్డానికి ఏమంత లేదు.

అరుగు మీది ఉప్పు డబ్బా తెరిచి, చిటికెడు తీసి, కుండలో వేశాడు. చిటికెడేనా అనిపించింది. చెయ్యి మళ్ళీ డబ్బాలోకి వెళ్ళింది.

"చాలు తవిటీ," అన్నారు సుభద్రమ్మగారు వంటింట్లోంచి, వెనక్కి తిరగకుండానే. "ఎక్కువైతే రేపు తినేవాడు నా దగ్గరికొచ్చి క్షమించమంటాడు."

తవిటినాయుడు డబ్బా మూశాడు. ఉత్తరాన్ని మళ్ళీ కుండ మీద కప్పి, గరిటె పెట్టాడు.